ఇంటి ఆటలు - పిల్లల తర్కశక్తి: ఒక విమర్శ

పగిడ్యాలలో బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు, ముందు వసారాలో పరచిన బేతంచెర్ల బండ మీద బొగ్గుతో గీసిన పులి-మేక పటం కనిపించింది. ఆరేళ్ళ పిల్లవాడు మేకల వైపూ, వాడి అవ్వ పులుల వైపూ కూర్చున్నారు. మేకలు చింతగింజలు, పులులు గులకరాళ్ళు. అవ్వ వరుసగా మూడో మేకను చంపి, గింజను ఒళ్ళో వేసుకొని, "ఆడ ఏమిటికి పెట్టినావురా?" అన్నది. "ఊరికేనే" అన్నాడు వాడు. "ఊరికే పెడితే ఊరికే చస్తాది. ఈసారి పెట్టేముందు నాకు చెప్పు, నా పులి యాడికి దూకుతాదో" అన్నది అవ్వ. పిల్లవాడు చాచిన చేయి వెనక్కు తీసుకొని, కాసేపు పటం చూచి, మేకను ఇంకొక చోట పెట్టాడు.

అదే ఇంట్లో బీరువా మీద ఒక రంగుల అట్టపెట్టె ఉన్నది. పిల్లల బుద్ధి వికసించడానికి ఉద్దేశింపబడినదని దాని మీద అచ్చు వేసి ఉన్నది. మూడు దినాల కూలి పెట్టి కొన్నామని పిల్లవాని తల్లి చెప్పింది. ముక్కలు పేర్చి బొమ్మ చేయడం వాడికి రెండు రోజులలో వచ్చేసింది. తరువాత దానిని ముట్టలేదు. "పెట్టెతో ఆడించమన్నారు, ఆడించినాం. ఇంక ఏం చేయల్లో తెలియలేదు" అన్నది ఆమె.

పసిపిల్లల తర్కశక్తిని పెంచే సులభమైన ఇంటి ఆటలను గురించి నేడు సలహాలకు కొదువ లేదు. కొందరు పెట్టెలను కొనమంటారు. మరికొందరు మన పూర్వుల ఆటలలోనే సమస్త శాస్త్రమూ ఉన్నదనీ, వాటిని ఆడిస్తే చాలుననీ అంటారు. పైకి ఈ రెండు పక్షాలూ ఒకదానికొకటి విరుద్ధం. కాని రెండింటిలోనూ ఉన్న నమ్మకం ఒక్కటే: గుణం వస్తువులో ఉన్నది, ఆ వస్తువును పిల్లవాని చేతిలో పెడితే గుణం వాడికి అంటుకొంటుంది అని. ఈ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో పరీక్షించడమే ఈ వ్యాసం పని.

కొలబద్ద

ముందుగా తర్కశక్తి అంటే ఏమిటో స్థిరపరచుకొనవలె. నాలుగు నుండి ఎనిమిది ఏళ్ళ పిల్లల విషయంలో దానికి పెద్ద నిర్వచనాలు అక్కరలేదు. ఇలా చేస్తే ఏమవుతుందో ముందే ఊహించడం, ఆ ఊహకు కారణం చెప్పడం, జరిగినదానితో ఊహను పోల్చి అవసరమైతే దిద్దుకొనడం - ఈ మూడూ ఉంటే తర్కం ఉన్నట్లే. ప్రయోగశాలలో శాస్త్రజ్ఞుడు చేసే పని కూడా ఇంతకంటె వేరు కాదు.

దీనిని బట్టి ఏ ఆటనైనా నాలుగు ప్రశ్నలతో తూచవచ్చును. ఆడేవానికి ఎంచుకొనే అవకాశం ఉన్నదా? ఎంచుకొన్నదాని ఫలితం వెంటనే కంటికి కనబడుతుందా? ఎందుకు ఎంచుకొన్నాడో మాటలలో చెప్పగలడా? నియమాన్ని కొంచెం మార్చి మళ్ళీ ఆడడానికి వీలున్నదా? ఈ కొలబద్దతో చూస్తే అచ్చనగాయల వంటి ఆట చేతివాటానికీ, కంటి చురుకుదనానికీ గొప్పదే గాని, తర్కానికి అందులో చోటు తక్కువ. గాలిలోకి ఎగిరిన కాయ కింద పడేలోపల ఆలోచించడానికి వ్యవధి ఎక్కడిది? అది ఆ ఆట లోపం కాదు, దాని పని వేరు. ఒక్కొక్క ఆటకూ ఏ గుణం ఉన్నదో విడివిడిగా చెప్పకుండా, అన్నింటినీ ఒకే గంపలో వేసి పొగడడమే లోపం.

పులి-మేక

పులి-మేక పటం శిఖరం నుండి నాలుగు గీతలు జారి, అడ్డగీతలతో కలిసి, 23 కూడళ్ళుగా ఏర్పడుతుంది. ఒకరికి మూడు పులులు, మరొకరికి పదిహేను మేకలు. మేకలను ఒక్కొక్కటిగా పెడుతూ పోవలె. అన్నీ పెట్టేవరకు అవి కదలరాదు. మేకకు అవతలి కూడలి అదే గీత మీద ఖాళీగా ఉంటే పులి దాని మీదుగా దూకి చంపుతుంది. పులులకు కదలడానికి చోటు లేకుండా కట్టివేస్తే మేకలు గెలిచినట్లు.

కొలబద్దలోని నాలుగు ప్రశ్నలకూ ఈ ఆట "ఔను" అనే జవాబు ఇస్తుంది. దీని ప్రాణమంతా ఒక్క వాక్యంలో ఉన్నది: 'వెనుక ఖాళీ ఉంటే మేక చస్తుంది'. ఈ వాక్యం నుండి పిల్లవాడు తనంతట తాను రాబట్టగల సంగతులు అనేకం. వెనుక ఇంకొక మేక ఉంటే చావదు. అడుగు గీత రెండు కొనలలో పెట్టిన మేకకు ఏ గీత మీదా అవతలి కూడలి లేదు కనుక, దాని మీదుగా దూకడం అసాధ్యం. 'ఉంటే' నుండి 'లేకపోతే' వైపు నడవడం తర్కంలో మొదటి మెట్టు. పైగా ఈ ఆటలో రెండు పక్షాలకు బలమూ లక్ష్యమూ వేరు వేరు. మేకల వాడు పులి కంటితో చూడక తప్పదు. ఎదుటివాని స్థానం నుండి చూడడం ఆ వయస్సు పిల్లలకు కష్టమైన పని, కనుకనే విలువైన పని.

అయితే పైన చెప్పిన పిల్లవాడు అవ్వ అడిగేవరకు మూడు మేకలను 'ఊరికే' పెట్టాడన్న సంగతి మరువరాదు. పటం అదే, గింజలు అవే, నియమాలూ అవే. మారినది ఒక్కటే: పెట్టకముందు చెప్పమని ఒకరు అడిగారు. నూరు ఆటలు 'ఊరికే' ఆడినవాడికి నూరు ఆటల అలవాటు వస్తుంది గాని, ఆలోచన వస్తుందన్న హామీ లేదు.

వామన గుంటలు

రెండు వరుసలలో ఏడేసి, మొత్తం పద్నాలుగు గుంటలు. ఊరిని బట్టి గుంటకు నాలుగో అయిదో గింజలు. ఒక గుంటలోనివి తీసి వరుసగా ఒక్కొక్కటి పంచుకొంటూ పోవడం, గింజలు అయిపోయిన చోటును బట్టి గెలుచుకొనడం. తమిళులు దీనిని పల్లాంకుళి అంటారు, కన్నడిగులు అలిగుళి మణె అంటారు. ఆఫ్రికా ఖండంలో ఇదే జాతి ఆటలు ఎన్నో ఉన్నాయి.

ఈ ఆటను పొగిడేవారు లెక్కించడం వస్తుందంటారు. నిజమే. కాని ఇందులో దానికంటె లోతైన విషయం ఒకటి ఉన్నది. గుంటకు అయిదు చొప్పున వేస్తే మొత్తం 70 గింజలు. ఆట ఎంత సాగినా, గింజలు ఏ గుంటలో పోగుపడినా, గెలిచినవాని ఒడిలో చేరినా, అన్నీ కలిపితే 70 మాత్రమే. పెద్దలకు ఇది చెప్పనక్కరలేని సంగతి. పిల్లలకు కాదు. స్విట్జర్లండు దేశస్థుడైన జాన్ పియాజే, అలీనా షెమిన్‌స్కా అనే సహపరిశోధకురాలితో కలిసి 1941లో ప్రకటించిన గ్రంథంలో, పిల్లలలో సంఖ్యాజ్ఞానం ఎలా పుడుతుందో వివరించాడు. సమానమైన రెండు వరుసల బిళ్ళలు చూపి, రెండూ సమానమేనని పిల్లవానిచేత అనిపించి, ఒక వరుసను దూరదూరంగా జరిపి మళ్ళీ అడిగితే, ఆరేడేళ్ళ లోపు పిల్లలు చాలామంది పొడవైన వరుసలో ఎక్కువ ఉన్నాయంటారు. అమరిక మారినా సంఖ్య మారదన్న జ్ఞానం పుట్టుకతో వచ్చేది కాదు, కట్టుకొనవలసినది.

వామన గుంటలు ఈ జ్ఞానానికి చక్కని వేదిక. కాని ఆట దానిని తానుగా నేర్పదు. ఆట మధ్యలో ఒకసారి ఆపి, "ఇప్పుడు గుంటలలోనివీ, నీ దగ్గరివీ, నా దగ్గరివీ కలిపితే ఎన్ని ఉంటాయి? మొదటికంటె పెరిగినాయా, తగ్గినాయా?" అని అడిగి, జవాబు చెప్పిన తరువాత లెక్కపెట్టించవలె. అలా అడిగేవారు లేని ఇంట్లో అది కేవలం చేతి ఆటగానే మిగిలిపోతుంది.

ఇంకొక మాట. ఈ ఆట చాలా ఇండ్లలో ఆడవారిదిగానూ, పులి-మేక రచ్చకట్ట మీద మగవారిదిగానూ నడచినది. ఎదుటివాని ఎత్తును ఊహించే ఆట ఆడపిల్లకూ, మొత్తాన్ని మనస్సులో నిలిపే ఆట మగపిల్లవానికీ అందకుండా పోవడానికి ఏ కారణమూ లేదు. పూర్వుల ఆటలను మెచ్చుకొనేవారు ఈ విభజనను కూడా మెచ్చుకొనవలసిన అవసరం లేదు.

అష్టా చెమ్మా

అయిదడ్ల అయిదు, 25 గడులు. వెలుపలి చుట్టు 16, లోపలి చుట్టు 8, నడుమ పండే గడి ఒకటి. నాలుగు గవ్వలు, లేదా ఒక పక్క అరగదీసిన నాలుగు చింతపిక్కలు. తెల్లపక్కలు ఎన్ని పైకి పడితే అన్ని గడులు. నాలుగూ తెలుపైతే నాలుగు, చెమ్మా. ఒక్కటీ కాకపోతే ఎనిమిది, అష్టా.

ఇందులో అదృష్టం పాలు ఎక్కువ కనుక తర్కం లేదని కొందరు తోసిపుచ్చుతారు. అది తొందరపాటు. అదృష్టానికి కూడా ఒక లెక్క ఉన్నదని తెలుసుకొనడానికి ఇంతకంటె చౌకైన సాధనం దొరకదు. రెండు పక్కలూ సమానంగా పడతాయనుకొంటే, నాలుగు పిక్కలు పడగల తీరులు 16. వాటిలో ఒకటి పడేవి 4, రెండు పడేవి 6, మూడు పడేవి 4, చెమ్మా ఒకటి, అష్టా ఒకటి. పిల్లవానికి ఈ భిన్నాలు చెప్పనక్కరలేదు. నలభై సార్లు వేయించి, పడినదానికల్లా గోడ మీద బొగ్గుతో ఒక గీత గీయిస్తే చాలు. రెండు గీతల గుంపు పెరగడం, అష్టా గీతలు వేళ్ళ మీద లెక్కకు రావడం వాడే చూస్తాడు. నిజమైన పిక్కలు సరిగ్గా సమానంగా పడవు. అరగదీసిన తీరును బట్టి ఒక పక్కకు మొగ్గుతాయి. మన పిక్కలు ఎటు మొగ్గుతాయో తేల్చడం మరొక మంచి ప్రయోగం. ఆ తరువాత, "ఒక కాయ పండడానికి రెండు కావాలి, ఇంకొక కాయకు ఎనిమిది కావాలి, దేనిమీద ఆశ పెట్టుకొంటావు?" అని అడిగితే, జవాబుకు కారణం గోడ మీదనే ఉంటుంది.

కాని అంకెల వరుసను నేర్పడంలో ఈ ఆటకు లోపమున్నది. అమెరికాలో గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అనే పరిశోధకులు 2008లో ప్రకటించిన పరిశోధనలో, పేద కుటుంబాల పసిపిల్లలచేత 1 నుండి 10 వరకు అంకెలు వేసిన తిన్నని పటం మీద పదిహేనేసి నిమిషాలు నాలుగుసార్లు ఆడించారు. వారి సంఖ్యాజ్ఞానం స్పష్టంగా మెరుగుపడింది, తొమ్మిది వారాల తరువాత కూడా నిలిచింది. అంకెలు లేక రంగులు మాత్రమే ఉన్న పటంతో ఆడినవారికి ఆ మేలు కలుగలేదు. 2009లో వారే గుండ్రని పటంతో పోల్చి చూడగా, తిన్నని పటానిదే పైచేయి అయింది. మన అష్టా చెమ్మా పటం చుట్టు తిరిగేది, గడులకు అంకెలు లేవు. కనుక ఆ ప్రయోజనం కోరినవారు గచ్చు మీద 1 నుండి 10 వరకు ఒకే వరుసలో గడులు గీసి, అంకెలు వేసి ఆడించడం మేలు. 2014లో సీగ్లర్, ఎలీడా లాస్కీతో కలిసి ఇంకొక మెలకువ చూపాడు. నాలుగో గడిలో ఉండి రెండు పడితే "ఒకటి, రెండు" అని కాక "అయిదు, ఆరు" అని పైకి చెబుతూ జరిపినప్పుడే లాభం ఎక్కువ. ఒకే పటం, ఒకే ఆట, నోటిమాట మాత్రం వేరు. ఫలితమూ వేరు.

ఆట నుండి బడికి

ఇంతవరకు చెప్పినదానిని బట్టి, చక్కగా అడుగుతూ ఆడిస్తే పిల్లవాడు బడిలో కూడా రాణిస్తాడని ఎవరైనా అనుకొనవచ్చు. ఇక్కడనే అందరికంటె జాగ్రత్తగా ఉండవలసి ఉన్నది.

మోయిరా డిలన్, హరిణి కణ్ణన్, ఎలిజబెత్ స్పెల్కీ, ఎస్తేర్ డూఫ్లో మొదలైనవారు ఢిల్లీలోని శిశు పాఠశాలలలో 1,540 మంది పిల్లలతో చేసిన పరిశీలనను 2017లో 'సైన్స్' పత్రికలో ప్రకటించారు. కొందరు పిల్లలచేత నాలుగు నెలలు గణితపు ఆటలు ఆడించారు. రాశులలో ఏది పెద్దదో చూచి పోల్చడం, ఆకారాలలో తేడా పట్టడం వంటివి. ఆ నైపుణ్యాలు పెరిగినాయి, ఏడాది దాటినా నిలిచినాయి. అయినా ఆ పిల్లలు ప్రాథమిక పాఠశాలకు వెళ్ళినప్పుడు, అంకెలతో చేసే బడి లెక్కలలో ఇతరులకంటె మెరుగుగా లేరు. ఆట ఆటగా ఫలించింది. కాని ఆ ఫలం బడి గడప దాటలేదు.

అటు నుండి ఇటు చూచినా ఇంతే. అభిజిత్ బెనర్జీ, డూఫ్లో, స్పెల్కీ ప్రభృతులు 2025లో 'నేచర్' పత్రికలో ప్రకటించిన పరిశోధనలో, కలకత్తా, ఢిల్లీ బజారులలో సరుకులమ్మే పిల్లలు కష్టమైన బేరాల లెక్కలను నోటితో చేయగలిగారు. అవే లెక్కలను బడి రూపంలో కాగితం మీద ఇస్తే చాలామంది చేయలేకపోయారు. బజారు పనిలేని బడి పిల్లలు కాగితపు లెక్కలలో మెరుగు, కాని బజారు లెక్కలలో తడబడ్డారు. చదరంగం సంగతి కూడా ఇటువంటిదే. 2016లో జొవాన్ని సాలా, ఫెర్నాండ్ గోబే చదరంగ బోధన మీద జరిగిన పరిశీలనలను కూర్చి చూడగా కొంత మేలు కనిపించింది. అయితే ఆ మేలు చదరంగం వలననా, ఏదో ఒక కొత్త పని శ్రద్ధగా చేయించడం వలననా అని తేల్చే కట్టుదిట్టమైన పోలిక వాటిలో దాదాపు ఏదీ చేయలేదని వారే హెచ్చరించారు.

ఈ ఫలితాలు ఆటలు వ్యర్థమని చెప్పడం లేదు. నేర్చినది ఒక చోటు నుండి మరొక చోటికి తానై నడచిపోదని మాత్రం చెబుతున్నాయి. పగిడ్యాల వంటి ఊరిలో ఇది పుస్తకాల వివాదం కాదు. అంగడిలో కూర్చొని యాభై రూపాయల నోటుకు చిల్లర తప్పు లేకుండా ఇచ్చే పిల్ల బడిలో తీసివేత లెక్కకు సున్న తెచ్చుకొంటే, "దీనికి చదువు అబ్బదు" అని ఇంటివారు తేల్చేస్తారు. ఆ ఒక్క మాటతో కొందరి చదువే ఆగిపోతుంది. ఆ పిల్లకు లేనిది బుద్ధి కాదు, అంగడికీ పలకకూ నడుమ వంతెన. ఆ వంతెన కట్టవలసినవారు పెద్దలు. చిల్లర ఇచ్చిన వెంటనే, "నువ్వు ఇప్పుడు నోటితో చేసిన లెక్కను పలక మీద ఎట్ల రాస్తావు?" అని అడిగి, రాసినదానిని చదివి, రెండూ ఒకటేనా అని పోల్చించడమే ఆ వంతెన కట్టే తీరు.

రెండు చిన్న ఆటలు

అడగడం, కారణం చెప్పించడం, నియమం మార్చడం ఎలాగో ఖర్చులేని రెండు ఆటలలో చూతాం.

మొదటిది ఏడు గింజల ఆట. ఏడు చింతగింజలు వరుసగా పెట్టవలె. ఇద్దరూ వంతులవారీగా ఒకటి గాని రెండు గాని తీయవచ్చు. చివరి గింజ తీసినవారు గెలిచినట్లు. మొదట పిల్లవాడు తోచినట్లు తీస్తాడు. కొన్నాళ్ళకు, ఎదుటివానికి మూడు గింజలు మిగిలితే వాడు ఏం చేసినా ఓడుతున్నాడని గమనిస్తాడు. వాడు ఒకటి తీస్తే మనం రెండు, వాడు రెండు తీస్తే మనం ఒకటి. తరువాత ఆరు మిగిల్చినా అంతేనని తెలుస్తుంది. కనుక ఏడులో మొదట ఒకటి తీసినవాడు తప్పు చేయకుంటే ఓడడు. ఇప్పుడు నియమం తిప్పవలె: చివరి గింజ తీసినవాడు ఓడినట్లు. పాత ఎత్తును కంఠస్థం చేసినవాడు మళ్ళీ ఒకటే తీసి చిక్కుకొంటాడు. కారణం ఎరిగినవాడు ఆగి, ఇప్పుడు ఎదుటివానికి ఒకటి లేదా నాలుగు మిగల్చాలనీ, ఏడు గింజలతో మొదట తీసేవానికే నష్టమనీ తేలుస్తాడు. అలవాటునూ అవగాహననూ వేరుచేసి చూపేది ఇటువంటి మార్పే. ఈ జాతి ఆటలలో ప్రసిద్ధమైన 'నిమ్' ఆటకు హార్వర్డు విశ్వవిద్యాలయపు గణితజ్ఞుడు చార్లెస్ బౌటన్ 1901లో సంపూర్ణమైన సిద్ధాంతం ప్రకటించాడు. మన వసారాలోని గింజలు అంత గౌరవమైన వంశానికి చెందినవి.

రెండవది దాచిన వస్తువు ఆట. గరిటె, చెంచా, తాళంచెవి, సూది, వెదురు చాట, గుడ్డసంచి, చీపురు, దిండు - ఎనిమిది వస్తువులు ఎదుట పెట్టి, ఒకటి మనస్సులో తలచుకొనవలె. పిల్లలు 'ఔను', 'కాదు' అనే జవాబు వచ్చే ప్రశ్నలు వేసి కనుక్కొనవలె. "గరిటెనా? సూదినా?" అని ఒక్కొక్కటి అడిగితే ఏడు ప్రశ్నలవరకు పట్టవచ్చు. "లోహంతో చేసినదా?" అని అడిగితే జవాబు ఏదైనా నాలుగు వస్తువులు పోతాయి. కాదంటే, "అందులో ఏదైనా పోసుకొనవచ్చునా?" అని అడగవచ్చు. ఔనంటే మిగిలేవి చాట, సంచి. మూడో ప్రశ్నకు వస్తువు దొరుకుతుంది. మూడు ప్రశ్నలకు ఎనిమిది, నాలుగింటికి పదహారు, ఇరవై ప్రశ్నలకు 10,48,576 వస్తువులలో ఒకదానిని పట్టవచ్చు. 1966లో ప్రచురితమైన ఒక పరిశీలనలో మోషర్, హార్న్స్‌బీ అనేవారు, ఆరేళ్ళవారు ఎక్కువగా ఒక్కొక్క వస్తువునే అడుగుతారనీ, పదకొండేళ్ళవారు గుంపులుగా విడదీసే ప్రశ్నలు వేస్తారనీ చూపారు. కనుక మన పిల్లవాడు "సూదినా?" అంటే విసుగుకొనరాదు. మన వంతు వచ్చినప్పుడు మనం "లోహమా?" అని అడిగి, "నా ప్రశ్నతో ఎన్ని పోయినాయి? నీ ప్రశ్నతో ఎన్ని పోయినాయి?" అని లెక్కపెట్టిస్తే చాలు.

అడిగే తీరు

ప్రశ్న ముఖ్యమని చెప్పినంత మాత్రాన ఎట్లా అడిగినా మంచిదని కాదు. పియాజే వరుసల పరీక్షను 1974లో జేమ్స్ మెక్‌గారిగల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ ఒక చిన్న మార్పుతో మళ్ళీ చేశారు. వరుసను పరీక్షకుడు కాక, ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి చెదరగొట్టినట్లు నటించారు. అప్పుడు సరియైన జవాబు చెప్పిన పిల్లలు బాగా పెరిగారు. పెద్దమనిషి పనిగట్టుకొని వరుసను మార్చి, అదే ప్రశ్న మళ్ళీ అడిగితే, 'నా మొదటి జవాబు తప్పేమో, వేరేది చెప్పాలి కాబోలు' అని పిల్లవాడు అనుకొంటాడు. వాడు గింజలను కాక, మన ముఖాన్ని చదువుతాడు.

దీని నుండి ఇంటికి పనికివచ్చే పాఠాలు మూడు. పెద్దవారు జవాబు తెలిసి పరీక్షించేవారుగా కాక, తామూ తెలుసుకొనగోరేవారుగా అడగవలె. అవ్వ తన పులి ఎక్కడికి దూకుతుందని అడిగింది గాని, "ఇది కూడా తెలియదా?" అనలేదు. పిల్లవాడు తప్పు చెప్పినప్పుడు దిద్దకుండా, "సరే, ఆడి చూతాం" అనవలె. తప్పును ఆటే చూపుతుంది. ఇక మూడవది, ప్రతి ఎత్తుకూ "ఎందుకు?" అని గుచ్చి అడిగితే ఆట పాఠమై, పిల్లవాడు లేచిపోతాడు. ఒక ఆటలో ఒకటి రెండు ప్రశ్నలు చాలు. పెద్దవారు కూడా అప్పుడప్పుడు ఓడి, తామెందుకు ఓడినారో పైకి చెప్పుకొంటే ఇంకా మంచిది.

లోపం ఎక్కడ?

2020 నాటి జాతీయ విద్యావిధానం చిన్నతనపు చదువును ఆటపాటలతో ముడిపెట్టింది. 2023 ఫిబ్రవరి 20న కేంద్ర విద్యాశాఖ మూడు నుండి ఎనిమిది ఏళ్ళ పిల్లలకు 'జాదుయీ పిటారా' అనే పెట్టెను విడుదల చేసింది. బొమ్మలు, ఆటలు, చిక్కుముడులు, తోలుబొమ్మల వంటివి, కథల పుస్తకాలు అందులో ఉన్నాయి. ఆటకు బడిలో గౌరవస్థానం కల్పించడం మెచ్చదగిన పనే. కాని మనం పైన చూచిన సాక్ష్యాన్ని బట్టి, పెట్టెలో ఏమున్నదనే ప్రశ్నకంటె, దానిని తెరిచి పిల్లవాని ఎదుట ఎవరు కూర్చొంటారు, ఏమి అడుగుతారు అనే ప్రశ్న పెద్దది. ప్రభుత్వపు పెట్టె అయినా, అంగడి పెట్టె అయినా, అడిగేవారు లేకపోతే పగిడ్యాల బీరువా మీది పెట్టెవలెనే మిగిలిపోతుంది.

అట్లని భారమంతా తల్లి మీద మోపడం న్యాయం కాదు. పొద్దున మిరప కోతకు వెళ్ళి, మసక చీకటికి వచ్చి, పొయ్యి ముట్టించే తల్లికి రోజూ గంటసేపు ఆడించమని సలహా ఇవ్వడం సులభం. పాటించడం కాదు. ఈ ఆటల సుగుణమేమంటే వాటికి గంట అక్కరలేదు. ఏడు గింజల ఆటకు రెండు నిమిషాలు. దాచిన వస్తువు ఆట పప్పు ఉడికేలోపల అయిపోతుంది. ఇంటిలో అవ్వా, తాతా, పై తరగతి చదివే అక్కా ఉన్నారు. నాయన కూడా ఉన్నాడు. సలహాలిచ్చేవారు ఆయనను తరచు మరచిపోతారు. అక్షరం రాని అవ్వ కూడా అడగగల ప్రశ్నలు ఇవి. పుస్తకం చదివించలేని ఇంటికి ఇంతకంటె సమానమైన అవకాశం మరొకటి లేదు.

కనుక మన ఆటలను పొగడవద్దనీ కాదు, పెట్టెలను కాల్చమనీ కాదు. వాటిలో లేని గుణాన్ని వాటికి అంటగట్టవద్దనే ఈ విమర్శ సారాంశం. ఆట అవకాశమిస్తుంది, ఆలోచనను పుట్టించేది ఆ అవకాశాన్ని పట్టుకొన్న ప్రశ్న. ఆ ఆలోచనను బడి పలక వరకు నడిపించడానికి మరొక ప్రశ్న కావాలి.

నేను బయలుదేరే వేళకు వసారాలో ఆట ఇంకా నడుస్తున్నది. ఈసారి పులులు పిల్లవానివి. అవ్వ మేకను పట్టుకొని పటం మీద చేయి ఆడిస్తూ ఉంటే, వాడు ఆమె మణికట్టు పట్టుకొని, "ఆగవ్వా! పెట్టేముందు చెప్పల్ల, నా పులి యాడికి దూకుతాదో" అన్నాడు.